పెరిగే పిల్లకు ఒక అంగుళం

గోడకు బిగించిన స్టాండు నూట ఇరవై రెండు సెంటీమీటర్లు చూపించింది. నర్సు చెక్కపలకను పిల్ల తలమీదికి దించింది, ఎత్తింది, మళ్లీ దించింది. రెండోసారీ అంతే.

"ఏమే బుడంకాయ్, కాళ్లు ముడుచుకుని నిలబడ్డావా?" అన్నాడు నాన్న.

"ముడుచుకుంటే మోకాళ్లు కనిపించవా నాన్నా? నువ్వే కదా ఎదురుగా ఉన్నావు."

పిల్లకు పదేళ్లు. ఇంట్లో అందరూ బుడంకాయ్ అంటారు. నాన్న దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుడతాడు. ఇంటి ముందుగది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. అమ్మ బట్ట కత్తిరిస్తుంది, కొలతల పుస్తకం రాస్తుంది. నాయనమ్మ కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది.

ఏడాది కిందట రక్తపరీక్ష చేసి డాక్టరమ్మ పిల్లకు టర్నర్ సిండ్రోమ్ ఉందని చెప్పింది. ఆడపిల్లల ఒంట్లో ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, ఈ పిల్లకు ఒకటే ఉంది, పుట్టుకతోనే వచ్చింది, ఎవరి తప్పూ కాదు అని చెప్పింది. అప్పటిదాకా పిల్ల పొట్టిగా ఉండడం తన పోలికేనని చెప్పుకుంటూ వచ్చిన నాయనమ్మ ఆ మాట విని కొంచెం చిన్నబుచ్చుకుంది.

"అంటే రెండు పేటల దారంతో కుట్టాల్సింది ఒక పేటతో కుట్టినట్టా అమ్మా?" అని అడిగాడు నాన్న ఆ రోజు.

"అలాగే అనుకోండి. కానీ కుట్టు ఊడదు. పొడుగు తగ్గుతుంది, అంతే. దానికి మందుంది."

ఆ మందు పెరుగుదల హార్మోను. పెన్ను ఆకారంలో ఉన్న ఇంజెక్షను. రోజూ సాయంత్రం ఏడున్నరకు, అన్నం తిన్నాక, అమ్మ పొడుస్తుంది. ఒకరోజు కుడి తొడకి, మర్నాడు ఎడమ తొడకి, ఆ మర్నాడు పొట్టకి. పిల్ల దానికి దోమ అని పేరు పెట్టింది. దోమ ఫ్రిజ్ తలుపు అరలో ఉంటుంది. పొడిచిన ప్రతిరోజూ అమ్మ క్యాలెండర్‌లో నీలం పెన్సిల్‌తో టిక్కు పెడుతుంది.

మందు ఆసుపత్రే ఇస్తుంది. ఒక షరతు ఉంది. మందు లేకుండా ఇలాంటి పిల్ల ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. మందు వేశాక మొదటి ఏడాదిలో ఆరైనా పెరగాలి. పెరగకపోతే మందు పనిచెయ్యడం లేదని ఆపేస్తారు.

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. మొదటిరోజు నూట పదిహేడున్నర. ఆరు నెలలకు నూట ఇరవై ఒకటీ పాయింట్ మూడు. ఇవాళ నూట ఇరవై రెండు.

"మొదటి ఆర్నెల్లు బాగానే పెరిగింది. తరవాతి ఆర్నెల్లలో సెంటీమీటరు కూడా లేదు" అంది. "మొత్తం నాలుగున్నర. ఇంజెక్షన్ రోజూ వేస్తున్నారా?"

అమ్మ సంచిలోంచి క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది. మూడువందల అరవై రెండు టిక్కులు. మూడురోజులు ఖాళీ. ఆ మూడురోజులూ పిల్లకు జ్వరం, డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగే ఆపారు.

"ముందు రెండుసార్లు కొలిచిందెవరు?"

నర్సు నాన్న వైపు చూసింది. ఆ రెండుసార్లూ పాత స్టాండు పలక విరిగి ఉంది. కొత్తది రావడానికి పదినెలలు పట్టింది. మొదటిరోజు నర్సు స్టాండు ముందు తల గోక్కుంటూ నిలబడితే, నాన్న మెడలో టేపు కనిపించింది. ఆయన మెడలో టేపు లేకుండా బయటికి రాడు. పెళ్లిఫొటోలో కూడా ఉంది. "దర్జీగారు ఉండగా నాకేం బెంగ" అంది నర్సు. ఆయన పిల్లను గోడకు నిలబెట్టాడు, తలమీద ఫైలు అట్ట ఆనించాడు, గోడమీద సుద్దతో గీత పెట్టాడు, టేపుతో కొలిచి అంగుళాల్లో చెప్పాడు. నర్సు సెంటీమీటర్లలోకి మార్చి రాసుకుంది. ఆరు నెలలకూ అదే జరిగింది.

"టేపు ఒకసారి ఇస్తారా?" అంది డాక్టరమ్మ.

నాన్న టేపు తీసిచ్చాడు. "చూసుకోండమ్మా. టేపు సాగుతుందని నాకు తెలీదా? ఆర్నెల్లకోసారి పారేసి కొత్తది కొంటాను."

డాక్టరమ్మ టేపును స్టాండు పక్కన వేలాడదీసింది. నర్సు కింద పట్టుకుంది. యాభై దగ్గర చూశారు, వంద దగ్గర చూశారు, నూట ఇరవై దగ్గర చూశారు. గీతకు గీత సరిపోయింది. నాన్న టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు.

"రెండు వారాల తరవాత రండి" అంది డాక్టరమ్మ. "మళ్లీ కొలుద్దాం. అప్పుడూ ఇంతే అయితే ఆపెయ్యడమే. పనిచెయ్యని మందుకి పిల్లను పొడవడం ఎందుకు?"

"ఆపేసి, మళ్లీ పెద్దయ్యాక మొదలుపెట్టొచ్చా?" అని అడిగింది అమ్మ.

"ఇంకో రెండేళ్లకి రెండో హార్మోను మొదలుపెట్టాలి. అది ఈడుకి రావడానికి. అది మొదలయ్యాక ఎముకల చివర్లు నెమ్మదిగా మూసుకుంటాయి. పొడుగు పెరగడానికి ఉన్న టైము ఇదేనమ్మా."

బస్సులో ఎవరూ మాట్లాడలేదు. దిగాక అమ్మ అంది, "ఫ్రిజ్ తలుపు తెరిచి చన్నీళ్ల సీసా కోసం అరగంట నిలబడేది ఎవరండీ?"

"అరగంటా? రెండు నిమిషాలు."

"రోజుకి పదిసార్లు రెండు నిమిషాలు. మందు వేడెక్కిపోదూ?"

ఆ రోజునుంచి నాన్న కుండలో నీళ్లు తాగాడు. అమ్మ ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టింది. అది నాలుగు డిగ్రీలు చూపించింది. మర్నాడు నాలుగు, ఆ మర్నాడూ నాలుగే. అమ్మ థర్మామీటరును కూడా నమ్మలేదు. నాయనమ్మ కారణం నాయనమ్మకుంది. "పిల్ల నెత్తిమీద మొట్టకురా అని ఎన్నిసార్లు చెప్పాను. మొడితే పెరుగుతుందా?" అంది కొడుకుతో.

పిల్ల మాత్రం లెక్కలో పడింది. ముందుగదిలో రెండు తొక్కుడు మిషన్లున్నాయి. ఒకటి నాన్నది. రెండోది ఖాళీగా ఉంటుంది. ముక్కాలిపీట మీద వెనక్కి ఆనుకుని కూర్చుంటే పాదం మొత్తం పెడల్‌కి ఆనాలి, అప్పుడే ఆ మిషను నీది అని నాన్న మాటిచ్చాడు. ముందుకి జారి కూర్చుంటే చెల్లదు. దోమ మొదలైన వారంలో పిల్ల కొలుచుకుంది. పాదానికీ పెడల్‌కీ మధ్య తన వేళ్లు మూడు పట్టాయి. ఇప్పుడు ఒక వేలు పడుతోంది. పీట అదే, మిషనూ అదే.

"నాయనమ్మా, నేను పెరగకపోతే రెండు వేళ్లు ఎక్కడికి పోయినట్టు?"

నాయనమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. "నీ వేళ్లు లావెక్కాయేమోనే."

"నాయనమ్మా!"

"సరే, సరే. నాకేం తెలుసు తల్లీ. పెద్ద డాక్టరు కొలిచింది."

బడులు తెరిచే రోజులు. దుకాణం ముందు చెప్పులు మెట్టు దాటి వీధిలోకి వచ్చాయి. అమ్మ లోపల కత్తెర వదలడం లేదు, అందుకని కొలతల పుస్తకం పిల్ల చేతికిచ్చారు. పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. నాన్న కొలిచి చెప్పాలి, పిల్ల రాయాలి.

ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. నాన్న టేపు ఆ అమ్మాయి భుజం మీద ఆనించి, మోకాలి దాకా వదిలి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వంగాడు.

"ఇరవై ఎనిమిది."

అమ్మ రాసేటప్పుడు బల్ల వెనక కూర్చుంటుంది. పిల్ల నేలమీద కూర్చుంది. నాన్న బొటనవేలు ఆమె కంటికి ఎదురుగా ఉంది. గోరు కింద ఇరవై ఏడు ఉంది.

"నాన్నా, ఇరవై ఏడు."

"ఇరవై ఎనిమిది రాయమ్మా."

"ఇక్కడ ఇరవై ఏడుంది."

"పిల్లల కొలతే అది. రాయి."

పిల్ల రాసింది. తరవాత వచ్చిన ముగ్గురు పిల్లల దగ్గరా చూసింది. ఇరవై నాలుగుకు ఇరవై అయిదు, ముప్ఫైకి ముప్ఫై ఒకటి, ఇరవై ఆరున్నరకు ఇరవై ఏడున్నర. సాయంత్రం బ్యాంకు గుమాస్తా ఒకాయన చొక్కాకి వచ్చాడు. ఆయన దగ్గర ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిదే.

గుమాస్తా వెళ్లాక పిల్ల అడిగింది. "పెద్దవాళ్లకి ఎందుకు కలపవు?"

"ఏం కలపను?"

"అంగుళం."

నాన్న టేపు మెడలో వేసుకున్నాడు. "పెద్దవాళ్లు పెరుగుతారా ఏంటి? పిల్లల కొలత ఇవాళ్టిది చెప్పకూడదు, వచ్చే ఏడాదిది చెప్పాలి. మా మేస్త్రీ మొదటిరోజు నేర్పిందే అది. అంగుళం కలిపి చెప్తే, మడతపెట్టి కుట్టొచ్చు. పెరిగాక విప్పుకుంటారు."

"కలుపుతున్నట్టు నీకు తెలుస్తుందా?"

"తెలియడానికేముంది. ముప్ఫై ఏళ్లుగా నోటికి అదే వస్తుంది. కుట్టేటప్పుడు కాళ్లు తొక్కుతున్నాయని తెలుస్తుందా?"

పిల్ల పుస్తకం మూసింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో కొలుచుకుంది. తరవాత వెనకగదిలోకి వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుని, చెవిలో మొత్తం చెప్పింది. ఆసుపత్రిలో గోడకు నిలబెట్టి కొలిచినప్పుడు కూడా నాన్న నోరు అదే నోరు. రెండుసార్లూ అంగుళం కలిసింది. ఇప్పుడు స్టాండుకు నోరు లేదు. అందుకే తను ఆగిపోయినట్టు కనిపించింది.

నాయనమ్మ కళ్లజోడు తీసింది. "నీకు తోచిందా ఇది?"

"బొటనవేలు కనిపించింది."

"మరి వెళ్లి చెప్పవేం?"

పిల్ల పాత గుండీల డబ్బా దగ్గరికి లాక్కుంది. తెల్లవి ఒకవైపు, నల్లవి ఒకవైపు పెట్టడం మొదలుపెట్టింది.

"చెప్పకపోతే దోమ పోతుంది నాయనమ్మా."

నాయనమ్మ ఒక గుండీ ఏరి తెల్లవాటిలో పెట్టింది.

"మూడువందల అరవైరెండుసార్లు పొడిచారు. ఇంకా నాలుగేళ్లో అయిదేళ్లో పొడుస్తారట. ఎవరికీ తెలీదు. నాకొక్కదానికే తెలుసు."

"నాకూ తెలుసు కదే ఇప్పుడు."

"నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను. పొడిచేది నన్నా? నా తొడలు నా దగ్గర పదిలంగా ఉన్నాయి." నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "ఒక్కటే అడుగుతాను. ఆ మిషను నాకిచ్చేస్తావా? నాకు పెడల్ అందుతుంది. ఊరికే పడుంది కదా."

"నీకెందుకు? నీకు సూదిలో దారమే ఎక్కడం లేదు."

"ఎవరో ఎక్కిస్తారులే."

పిల్ల డబ్బా మూత గట్టిగా పెట్టింది. ఏడున్నరయింది. అమ్మ పెన్ను పట్టుకుని వచ్చింది. ఆ రోజు వంతు పొట్టది. పిల్ల చొక్కా ఎత్తి, తల పక్కకు తిప్పి, రోజూ లెక్కపెట్టినట్టే పదిదాకా లెక్కపెట్టింది. సూది తీశాక అమ్మను అడిగింది. "ఆ ఆసుపత్రిలో ఎవరు చెప్పినా వింటారా? పిల్లలు చెప్పినా?"

"ఏం చెప్తావే?"

"అడిగానంతే."

రెండు వారాలకు మళ్లీ వెళ్లారు. స్టాండు నూట ఇరవై రెండూ పాయింట్ రెండు చూపించింది. డాక్టరమ్మ కలం మూత తీసింది. ఫైల్లో ఒక కాగితం ఉంది, దాని మీద పైన "నిలిపివేత" అని అచ్చయి ఉంది. పిల్లకు ఆ మాట చదవడం వచ్చు.

"డాక్టరమ్మగారూ, మా నాన్న ఒకసారి కొలవచ్చా?"

"స్టాండు ఉంది కదమ్మా."

"స్టాండుని నాన్న నమ్మడం లేదు. రోజూ ఇంట్లో తిడుతున్నారు."

నాన్న తిట్టిన మాట నిజమే. ఆయన చెప్పులు సర్దుకున్నాడు. "అదేం లేదమ్మా, ఊరికే..."

"పర్లేదు, కొలవండి దర్జీగారూ" అంది డాక్టరమ్మ.

పిల్ల గోడకు ఆనుకుంది. మడమలు ఆనించింది, గడ్డం దించింది. నాన్న ఫైలు అట్ట తలమీద పెట్టాడు. సుద్దతో గీత పెట్టాడు. పిల్ల పక్కకు తప్పుకుంది. ఆయన టేపు గీత దగ్గర బొటనవేలితో నొక్కి, రెండో చేత్తో నేలకు లాగి, అంచు సున్నాకి సరిచూసుకుని, పైకి చూశాడు. గదిలో అందరూ ఆయన నోరు చూస్తున్నారు. ఆయనకు అది తెలీదు.

"నలభై తొమ్మిది."

"నాన్నా, బొటనవేలు తియ్యకు! సిస్టర్, మీరు చూడండి."

నర్సు వంగి బొటనవేలి కింద చూసింది. మళ్లీ చూసింది. "నలభై ఎనిమిది, మేడమ్. నలభై ఎనిమిదీ ఒక గీత."

"ఎంత చెప్పారు?" అంది డాక్టరమ్మ.

"నలభై తొమ్మిది" అన్నాడు నాన్న. టేపు చూశాడు. "నలభై ఎనిమిది" అన్నాడు. "పిల్ల కదమ్మా. పిల్లలకి అంగుళం..." అక్కడ ఆగిపోయాడు.

అమ్మ సంచిని ఒక చేతినుంచి రెండో చేతికి మార్చింది.

"అంటే రెండు వారాలనుంచి నేను ఫ్రిజ్‌ని తిడుతున్నాను" అంది. "చన్నీళ్లు తాగనివ్వలేదు. థర్మామీటరు కొన్నాను. మీ నోరా ఇది?"

"ముప్ఫై ఏళ్ల నోరే" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ ఫైల్లో రెండు అంకెలు కొట్టేసి, ఒక్కోదాంట్లోంచి అంగుళానికి రెండున్నర తీసేసి, పక్కన రాసింది. మొదటిరోజు నూట పదిహేను. ఆరు నెలలకు నూట పద్దెనిమిదీ పాయింట్ ఎనిమిది. ఏడాదికి నూట ఇరవై రెండు. కాగితం తిప్పి పిల్లకు చూపించింది.

"ఏడు సెంటీమీటర్లు" అంది. "ఆరు చాలు. నువ్వు ఒకటి ఎక్కువే పెరిగావు."

"అయితే దోమ ఉంటుందా?"

"ఉంటుంది. సారీ."

"ఫర్వాలేదులెండి" అంది పిల్ల. "నాకు తెలిసే చెప్పాను."

డాక్టరమ్మ నిలిపివేత కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసింది. నాన్న సుద్దగీతను అరచేత్తో తుడవబోతే, నర్సు ఆపింది. "ఉండనివ్వండి. దర్జీగారిని నమ్మకూడదని గుర్తుంటుంది."

బస్సులో ఈసారి అందరూ మాట్లాడారు. నాన్న తక్కువ మాట్లాడాడు. టికెట్లు కొట్టే ఆయన పిల్లకు ఎన్నేళ్లని అడిగితే, "మా ఆయన్ని మాత్రం అడక్కండి, పదకొండంటాడు" అంది అమ్మ.

ఇంటికి వచ్చాక పిల్ల తన యూనిఫారం గౌను తెచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచింది. ఇన్నేళ్లలో వీధిలోని పిల్లలందరి మడతలూ ఆ దుకాణంలో విప్పారు. ఈ పిల్ల గౌన్ల మడతలు ఎప్పుడూ విప్పలేదు. పొట్టికాకముందే చిరిగిపోయేవి.

"విప్పమ్మా" అంది.

అమ్మ బ్లేడుతో కుట్టు తెంపింది. మడత ఒక అంగుళం వచ్చింది. అమ్మ ఆగకుండా ఇంకో మడత విప్పింది. అది అరంగుళం.

"ఇదేంటి?" అన్నాడు నాన్న.

అమ్మ దారం ముక్కలు ఏరుతోంది. "పెరిగే పిల్ల కదా అని కత్తిరించేటప్పుడు నేనూ కాస్త వదిలి, లోపలికి మడిచి కుట్టి ఇస్తాను. మీరు కలుపుతారని నాకేం తెలుసు?"

"ఎప్పటినుంచీ?"

"పెళ్లయినప్పటినుంచీ."

నాయనమ్మ నవ్వుతూ సూది కింద పడేసుకుంది. "అందుకేనే, బడిలో నిన్ను గౌనులో వెతుక్కుంటున్నారు" అంది పిల్లతో.

విప్పిన చోట గుడ్డ ముదురు నీలం. మిగతా గౌను ఉతికి ఉతికి వెలిసింది. పిల్ల తొడుక్కుని చూసుకుంది. అంచు మోకాలికి సరిగ్గా వచ్చింది. ఇస్త్రీ చేసినా పాత మడత గీత పోలేదు. పోగొట్టనా అని అమ్మ అడిగితే వద్దంది.

తరవాత రెండో మిషను దగ్గరికి వెళ్లి, పీట మీద వెనక్కి ఆనుకుని కూర్చుంది. కాలు చాచింది. మునివేళ్లు పెడల్‌కి తగిలాయి. పాదం ఆనలేదు.

"ఇంకా వేలు ఉంది" అన్నాడు నాన్న. వంగి చూశాడు. "కాదు. ముప్పావు వేలు."

"నువ్వు చెప్పకు నాన్నా. నాయనమ్మా, నువ్వు చూడు."

నాయనమ్మ వచ్చి, కళ్లజోడు సర్దుకుని, తన వేలు పెట్టి చూసింది. "వేలు పట్టడం లేదు" అంది. "నాది ముసలివేలు, లావు. నీ వేలయితే పడుతుంది."

కొత్త యూనిఫారానికి గుడ్డ బల్ల మీద ఉంది. నాన్న పిల్లను నిలబెట్టి, భుజం మీద టేపు ఆనించి, మోకాలి దాకా వదిలాడు. అమ్మ పుస్తకం తెరిచింది. ఆయన నోరు తెరిచి, మూసి, బొటనవేలు చూసుకుని, మళ్లీ తెరిచాడు.

"ఇరవై అయిదు. ఇరవై అయిదే."

"కలుపు నాన్నా" అంది పిల్ల.

"ఏంటీ?"

"ఆసుపత్రిలో కలపకు. గుడ్డకి కలుపు. వచ్చే ఏడాది విప్పాలి కదా."

నాన్న అమ్మ వైపు చూశాడు. "ఇరవై ఆరు రాయి" అన్నాడు. "నువ్వేం వదలకు."

అమ్మ రాసింది. ఏడున్నర అయింది. ఫ్రిజ్ తెరిచింది ఈసారి పిల్లే. ముందు నాన్నకు చన్నీళ్ల సీసా ఇచ్చి, తరవాత దోమను తీసింది.